చూపు లేనివారి నడక, ధరించే పరికరాలు

సంక్రాంతి సెలవులకు విదేశాల నుండి వచ్చే పిల్లలు ఈమధ్య నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "మా నాన్నగారికి చూపు దాదాపు పోయింది. ఎదురుగా ఏమున్నదో చెప్పే చేతిపట్టీలు, మాట్లాడే కళ్ళజోళ్ళు, కంపించే బూట్లు వచ్చాయట. ఏది కొనమంటారు?" వారి ప్రేమను నేను శంకించను. కాని వెంటనే జవాబు చెప్పను. "నాన్నగారి దగ్గర తెల్ల చేతికర్ర ఉన్నదా? దానితో నడవడం ఎవరైనా నేర్పారా?" అని తిరిగి అడుగుతాను. ఇంతవరకు ఒక్కరు కూడా అవునని చెప్పలేదు.

ఈ ఎదురుప్రశ్న నేను వైద్యగ్రంథాలలో నేర్చుకొన్నది కాదు. మూలపేటలో ఒక మనిషి మణికట్టు విరిగిన తర్వాత నేర్చుకొన్నాను. ఆ విరగడంలో నా పాత్ర ఉన్నది గనుక ఆ సంగతి దాచకుండా చెప్పడం న్యాయం.

మూలపేట శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో సముద్రతీరపు గ్రామం. పక్కనే నౌపడ. ఆ ప్రాంతమంతా ఉప్పు మడులు. మడుల మధ్య మనిషి ఒక్కడు నడవదగిన సన్నని మట్టిగట్లు, తాటాకులు కప్పిన ఉప్పు కుప్పలు. నేను టెక్కలి ప్రాంతంలో వైద్యం చేస్తున్న రోజులలో, 1994 ప్రాంతంలో అనుకొంటాను, ఆ మడులలో పనిచేసే యువకుడొకడు నా దగ్గరకు వచ్చాడు. పేరు చెప్పడం వైద్యధర్మం కాదు. వయస్సు ఇరవైయెనిమిది. మోకాళ్ళనిండా పుళ్ళు. పుళ్ళకు మందు వ్రాయబోతూ ఎలా తగిలాయని అడిగాను.

"రేతిరి గట్టు అగుపడ్డం లేదు బాబూ. మడిలో పడిపోతన్నాను. మావోళ్ళు తాగొచ్చినాడంటారు. నాను తాగను బాబూ."

రేచీకటి అనగానే మాకు మొదట తోచేది ఎ విటమిన్ లోపం. కాని అతని కంటిలో దీపం వేసి చూసినప్పుడు నేత్రపటలం అంచులలో ఎముకలోని కణాల ఆకారంలో నల్లని మచ్చలు కనిపించాయి. రెటినైటిస్ పిగ్మెంటోసా. మన కంటి వెనుకనుండే రెటీనా అనే నేత్రపటలంలో రెండు రకాల కాంతిగ్రాహక కణాలు ఉంటాయి. మసక వెలుతురులో పనిచేసే శలాకా కణాలు, పగటి వెలుగులో రంగులను, సూక్ష్మాంశాలను చూపే శంకు కణాలు. ఈ వ్యాధిలో సాధారణంగా శలాకా కణాలు ముందు నశిస్తాయి. అందుచేత మొదట రాత్రి చూపు, పిదప పక్కచూపు పోతాయి. చివరకు గొట్టంలోనుండి చూసినట్లు మధ్యలో కొంచెం మిగులుతుంది. చాలామందికి కాలక్రమేణ అది కూడ క్షీణిస్తుంది. ఇది జన్యుసంబంధమైన వ్యాధి. తల్లి తండ్రి ఇద్దరి నుండి లోపమున్న జన్యువు బిడ్డకు సంక్రమించే పద్ధతి ఇందులో ఒకటి. దగ్గరి చుట్టాల మధ్య పెళ్ళిళ్ళలో ఆ అవకాశం పెరుగుతుంది. అతని తల్లి తన మేనమామనే పెళ్ళాడింది. అతడు కూడ తన మేనమామ కూతురినే చేసుకొన్నాడు. మేనరికం గురించి మరొకసారి విడిగా వ్రాస్తాను. ఇక్కడ మొదలుపెడితే ముగియదు.

వ్యాధి పేరు చెప్పాను. మందు లేదన్నాను. ఆ మాట నిజమే. ఈ వ్యాధికి కారణమయ్యే జన్యువులు అనేకం. వాటిలో ఆర్పీఈ65 అనే ఒక్క జన్యువు లోపానికి 2017 డిసెంబరులో అమెరికాలో జన్యుచికిత్సకు ఆమోదం లభించింది. మిగిలినవారిలో అధికసంఖ్యాకులకు నేటికీ నివారణ లేదు. కాని నేనన్న రెండవ మాట నిజం కాదు. "ఇక చేయగలిగినదేమీ లేదు" అన్నాను. మందు లేకపోవడం వేరు, చేయగలిగినది లేకపోవడం వేరు అన్న సంగతి ఆనాడు నాకు తట్టలేదు. బయట ముప్పైమంది రోగులు కూర్చొని ఉన్నారు. అతనికి నేను కేటాయించిన సమయం, పుళ్ళ మందుతో కలిపి, అయిదు నిముషాలు ఉండదు.

ఆ తర్వాతి ఇరవై సంవత్సరాలలో అతడు అప్పుడప్పుడు జ్వరానికో దగ్గుకో వచ్చేవాడు. పక్కచూపు హరించుకుపోతూ ఉంది. ఉప్పు మడులలో పని మానుకొన్నాడు. కొబ్బరిపీచుతో తాళ్ళు పేనడం నేర్చుకొన్నాడు. ఆ పనికి కళ్ళతో అవసరం తక్కువ. భార్య చిన్న టీ కొట్టు పెట్టింది. ఆ రోజులలో అతనిని వ్యాధికన్న ఎక్కువగా బాధించినది ఊరి అనుమానం. మధ్యచూపు కొంత మిగిలి ఉన్నందున అతడు పది రూపాయల నోటును గుర్తుపట్టగలడు, కాని పక్కనుండి వచ్చే సైకిలు కనిపించదు. "నోటు చూస్తాడు, గొయ్యి చూడలేడట! పింఛను కోసం నాటకం" అన్నారు. పత్రం ఇవ్వవలసిన చోట కూడ మొదటిసారి ఎవరో అదే అన్నారట.

మన చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం మెరుగైన కంటికి అద్దాలతో సవరించిన తర్వాత కూడా చూపు 3/60 కన్న తక్కువగా ఉంటే అది అంధత్వం. చూపు పదును ఎలా ఉన్నా, దృష్టిక్షేత్రం 10 డిగ్రీల కన్న తక్కువైతే అది కూడ అంధత్వమే. పది డిగ్రీలు ఎంతో తెలియాలంటే మీ చేతిని ముందుకు చాచి పిడికిలి బిగించండి. ఆ పిడికిలి వెడల్పు రమారమి పది డిగ్రీలు. ప్రపంచాన్నంతా ఆ పిడికిలంత కిటికీలోనుండి చూస్తూ సంతకు వెళ్ళి రావడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. మీ ఇంట గాని పొరుగున గాని ఇటువంటి మనిషి ఉంటే, అతడు అక్షరాలు చదువుతున్నాడని అంధత్వాన్ని అనుమానించకండి. పత్రం కోసం వెళ్ళినప్పుడు దృష్టిక్షేత్ర పరీక్ష చేయించమని అడగండి.

2015 నాటికి అతనికి వెలుగునీడలు తప్ప మరేమీ తెలియడం లేదు. అయినా ఊళ్ళో తిరిగేవాడు. ఎలాగని అడిగితే అతడు చెప్పిన వివరాలు నాకు ఏ పాఠంలోనూ దొరకలేదు. టీ కొట్టు నుండి గుడికి వెళ్ళేటప్పుడు సముద్రం కుడిచెవికి వినిపించాలి. గుడి దగ్గర సిమెంటు అరుగు మొదలవగానే చెప్పు చప్పుడు మారుతుంది. తోట దగ్గర చల్లగాలి, తోట దాటగానే ముఖానికి ఎండ. ఉప్పు కొఠార్ల వైపు మళ్ళితే బురద వాసన. చలికాలమైతే మరొక ఆనవాలు కూడ ఉంది. దగ్గరలోని తేలినీలాపురానికి వలస వచ్చే పెద్ద పక్షులు తెల్లవారుజామున మడుల మీదుగా వెళ్ళేటప్పుడు రెక్కల చప్పుడు ఏ వైపునుండి ఏ వైపుకు సాగిందో విని దిక్కు చెప్పేవాడు. చేతిలో మూరెడు వెదురుకర్ర ఉండేది, కుక్కల కోసం.

ఈ పటం రెండుసార్లు చెరిగిపోయింది. మొదటిసారి 2018 అక్టోబరు 11న. తిత్లీ తుపాను పలాస, వజ్రపుకొత్తూరు తీరాన్ని దాటిన ఆ తెల్లవారుజామున ఉద్దానంలో కూలిన కొబ్బరి, జీడిమామిడి చెట్ల నష్టం అందరికీ తెలుసు. చెట్లు కూలడమంటే రైతుకు ఆదాయం పోవడం. అతనికి నీడ పోయింది, గాలి మారింది, ఆకుల గలగల ఆగిపోయింది. తన ఇంటికి నూరు గజాల దూరంలో దారి తప్పి నిలబడిపోయానని చెప్పాడు. దానినుండి కోలుకోవడానికి ఏడాది పట్టింది. రెండవసారి 2023 ఏప్రిల్ 19న మూలపేట పోర్టుకు శంకుస్థాపన జరిగిన తర్వాత. పోర్టు వద్దని నేను అనడం లేదు. వలసపోయిన మన పిల్లలు తిరిగి వస్తారేమోనన్న ఆశ నాకూ ఉంది. కాని టిప్పరు లారీల హోరులో సముద్రం ఏ చెవికి వినిపించాలో అతనికి తెలియకుండా పోయింది. ఉన్న దారి వెడల్పయింది, లేని కట్టలు లేచాయి, ఈరోజు లేని గొయ్యి రేపు ఉంటుంది.

అప్పటినుండి అతనిని మనవరాలు నడిపించడం మొదలుపెట్టింది. ఏడవ తరగతి పిల్ల. తాత వెదురుకర్రకు ఒక కొసన, పిల్ల మరొక కొసన. మన ఊళ్ళలో ఈ దృశ్యం ఎంత పరిచితమంటే దానిలో తప్పు మనకు కనిపించదు. పేనిన తాళ్ళు నౌపడలో అప్పగించే రోజు ఆ పిల్ల బడికి వెళ్ళదు. వారానికి ఒకటి రెండు రోజులు.

నేను పదవీవిరమణ చేసి చాలా సంవత్సరాలయింది. ఆ సంగతి విని, ముప్పై ఏళ్ళనాటి నా అయిదు నిముషాలు గుర్తుకు వచ్చాయి. విదేశంలోని మా అబ్బాయి చేత ఒక చేతిపట్టీ తెప్పించాను. ఇది శ్రవణాతీత ధ్వనితో పనిచేస్తుంది. మన చెవికి వినిపించని, సెకనుకు నలభై వేల కంపనాల వంటి ధ్వనిని పట్టీ ముందుకు పంపిస్తుంది. అడ్డంగా ఏదైనా ఉంటే ప్రతిధ్వని తిరిగి వస్తుంది. మూడు మీటర్ల దూరానికి ధ్వని పోయి రావడానికి పట్టే కాలం సెకనులో అరవయ్యవ వంతు కన్న కొంచెం ఎక్కువ. ఆ కాలాన్ని కొలిచి దూరం తెలుసుకొంటుంది. వస్తువు దగ్గరయ్యేకొద్దీ మణికట్టు వద్ద కంపనాలు త్వరత్వరగా వస్తాయి. గర్భిణులకు మేము చేసే స్కానింగు కూడ మౌలికంగా ఇదే. అక్కడ కంపనాలు సెకనుకు లక్షలలో ఉంటాయి, దూరాలు సెంటీమీటర్లలో ఉంటాయి. గబ్బిలం చీకటిలో ఎగిరే పద్ధతి ఇదే. ఇంగ్లాండులో పుట్టి న్యూజిలాండులో స్థిరపడిన లెస్లీ కే అనే ఇంజనీరు 1960లలోనే దీనిని అంధుల కోసం చేతిదీపం ఆకారంలోనూ, తర్వాత కళ్ళజోడు ఆకారంలోనూ తయారుచేశాడు. అంటే భావన కొత్తది కాదు. పరికరం చిన్నదై చేతికి పట్టింది.

అరగంట చూపించాను. గోడ, చెట్టు, నిలిపి ఉంచిన ఆటో, అన్నిటినీ గుర్తించాడు. ముఖం వెలిగిపోయింది. నేనింకా ఎక్కువ వెలిగిపోయానేమో. "రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, ఇక కర్ర ఎందుకు?" అన్నాను. ఈ వాక్యం నేను అన్నదే.

తొమ్మిదవ రోజున అతడు ఒంటరిగా బయలుదేరాడు. పైపుల కోసం దారి పక్కన అంతకు ముందురోజే తవ్విన కందకం ఉంది. పట్టీ కంపించలేదు. ఎందుకు కంపిస్తుంది? ఎదురుగా ఉన్నది ఖాళీ. ఖాళీనుండి ప్రతిధ్వని రాదు. నేలమీద లేనిదానిని అది చెప్పలేదు. అతడు చాచిన చేతిమీద పడ్డాడు. మణికట్టు దగ్గర ముంజేతి ఎముక విరిగింది. ఆరు వారాల కట్టు. తాళ్ళు పేనే చేయి అది.

చూడడానికి వెళ్ళినప్పుడు అతడు నన్ను ఒక్క మాట అనలేదు. పట్టీని తువ్వాలులో చుట్టి జాగ్రత్తగా నా చేతిలో పెట్టాడు. "మీ యంతరం మంచిదే బాబూ. పైనున్నది సెప్తాది. కిందున్నది సెప్పదు" అన్నాడు.

చూపు లేనివారి పరికరాల గురించి తర్వాత నేను చదివినదంతా ఆ రెండు చిన్న వాక్యాలకు వ్యాఖ్యానంలా ఉంది. ఐఐటీ ఢిల్లీలో ఆచార్య బాలకృష్ణన్, ఆచార్య పి.వి.ఎం. రావు బృందం ఏళ్ళతరబడి కృషిచేసి 2014లో స్మార్ట్‌కేన్ అనే సాధనాన్ని వెలువరించింది. దానిలోనూ శ్రవణాతీత ధ్వనే. కాని వారు కర్రను తీసివేయలేదు. తెల్లకర్ర పిడికే ఆ పరికరాన్ని అమర్చారు. నేలనుండి మోకాలి వరకు ఉన్నదానిని కర్ర కొస తడుముతుంది. మోకాలి పైనుండి తల వరకు, సుమారు మూడు మీటర్ల దూరంలో ఉన్నదానిని ధ్వని పసికడుతుంది. ఈ విభజన ఎంత వివేకమైనదో ఊళ్ళలో నడిచేవారికి తెలుస్తుంది. కర్రకు తగలనివి మన దారులలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. లారీ వెనుక పొడుచుకొని వచ్చిన ఇనుపకడ్డీలు, విప్పి వదిలిన ఎడ్లబండి నొగలు, టీ కొట్టు ముందుకు వాలిన రేకు, వంగిన కొబ్బరిమట్ట, వీధివైపు తెరిచిన కిటికీ రెక్క. చూపులేనివారి నుదుటిమీద, పళ్ళమీద నేను కుట్లు వేసిన గాయాలలో చాలా భాగం ఇటువంటివే. గొయ్యి, మెట్టు, మురుగుకాలువ మాత్రం కర్ర చెప్పవలసినవి.

ఆ కర్రకు కూడ ఒక విద్య ఉన్నది. రెండవ ప్రపంచయుద్ధంలో చూపు పోగొట్టుకొన్న సైనికుల కోసం అమెరికాలో రిచర్డ్ హూవర్ 1944లో పొడవైన కర్రతో నడిచే పద్ధతిని రూపొందించాడు. కర్ర నేలనుండి రొమ్ముటెముక వరకు రావాలి. పిడికిలి నడుముకు ముందు, మధ్యన ఉండాలి. కుడిపాదం ముందుకు పడేటప్పుడు కర్ర కొస ఎడమవైపు నేలను తాకాలి, ఎడమపాదానికి కుడివైపు. అప్పుడు ప్రతి అడుగు పడబోయే చోటును కర్ర ఒక అడుగు ముందే పరీక్షించి ఉంటుంది. భుజాల వెడల్పుకన్న కొంచెం ఎక్కువ మేర కొస ఊగాలి, అంతకు మించరాదు. చదవడానికి సులభం. కండరాలకు పట్టడానికి వారాలు పడుతుంది. ఇది నేర్పేవారు వేరే ఉంటారు. నడక, దిక్కు నేర్పే ఆ శిక్షకులు ఉంటారని నాకు వైద్యవృత్తిలో ముప్పై సంవత్సరాల పైన తెలియదంటే పాఠకులు నమ్మకపోవచ్చు. ఉద్దానంలో పనిచేసిన మా ధ్యాసంతా మూత్రపిండాలమీద ఉండేదని సమర్థించుకోవచ్చును గాని, అది సమర్థన మాత్రమే.

చేయి కుదురుకొన్న తర్వాత అతనిని విశాఖపట్నం తీసుకొని వెళ్ళాను. 1987లో హైదరాబాదులో డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థకు అక్కడ ప్రాంగణం ఉంది. చూపు తిరిగి రానివారికి పునరావాస సేవలు కూడ ఆ సంస్థ అందిస్తుంది. మొదటిరోజు శిక్షకురాలు పరికరం ఊసే ఎత్తలేదు. చేతి వెనుకభాగంతో గోడను తాకుతూ నడవడం, ముఖానికి అడ్డంగా ముంజేయి ఎత్తి పట్టుకోవడం, తలుపును వెతకడం. మనవరాలికి కూడ ఒక పాఠం చెప్పింది. కర్ర కొస పట్టుకొని లాగరాదు. తాత నీ మోచేతికి పైభాగం పట్టుకొని అరడుగు వెనుక నడవాలి; నీ శరీరం ఎక్కడ పైకి లేచింది, ఎక్కడ దిగింది ఆయన చేతికి తెలుస్తుంది. ఇది చదువుతున్నవారందరూ గుర్తుంచుకొనవలసిన పద్ధతి. రోడ్డు దాటించేటప్పుడు మనం చేయి పట్టి ఈడుస్తాము. వారికి మన చేయి ఇవ్వాలి.

మూడు విడతల శిక్షణ తర్వాత మూలపేట దారులలో సాధన మొదలయింది. కర్ర కొస చప్పుడు కూడ ఒక దీపమేనని అప్పుడు గ్రహించాను. గోడ దగ్గరయితే చప్పుడు బిగుసుకొంటుంది, సందు రాగానే విచ్చుకొంటుంది. ఇక్కడే పరికరాలు కొనేవారికి నేను చెప్పదలచిన ముఖ్యమైన సంగతి ఉంది. చెవిలో దూర్చుకొని "కుడివైపు తిరుగు, ఎడమవైపు స్తంభం" అని ఎడతెగకుండా చెప్పే పరికరం ఆ చెవిని ఆక్రమిస్తుంది. వెనుకనుండి వచ్చే ఎలక్ట్రిక్ స్కూటరు అసలే చప్పుడు చేయదు. చెవి మూయని, చర్మానికి మాత్రమే చెప్పే పరికరాన్ని నేను ఇష్టపడతాను. చర్మం ఈ పని నేర్చుకోగలదనడానికి 1969లోనే ఋజువు ఉంది. పాల్ బాఖ్-ఇ-రీటా అనే వైద్యుడు కెమెరా చిత్రాన్ని కుర్చీ వీపుకు అమర్చిన కంపకాలుగా మార్చి అంధులను కూర్చోబెట్టినప్పుడు, సాధన మీద వారు ఎదుటి వస్తువులను గుర్తుపట్టగలిగారు.

మన తెలుగునాటనే ఇందుకు చక్కని ప్రయత్నం జరిగింది. అనిరుధ్ శర్మ 2011 ప్రాంతంలో అంధుల కోసం ఆలోచించిన కంపించే పాదరక్షను, క్రిస్పియన్ లారెన్స్‌తో కలిసి సికింద్రాబాదులోని డ్యుసెరె సంస్థ "లేచల్" పేరుతో తయారుచేసింది. హిందీలో ఆ మాటకు "తీసుకొని పద" అని అర్థం. ఫోనులో గమ్యం పెట్టుకొంటే, కుడివైపు తిరగవలసినచోట కుడిపాదం కింద కంపిస్తుంది, ఎడమవైపయితే ఎడమపాదం కింద. చెవి ఖాళీ, చేతులు ఖాళీ. 2014లో ఆ వార్త ప్రపంచమంతా తిరిగింది. ఈ సంగతి చెప్పినప్పుడు మావాడు పెద్దగా నవ్వాడు. మూలపేటలో బూట్లు తొడిగేవాడు పోలీసయినా కావాలి, పెళ్ళికొడుకయినా కావాలి. హాస్యం అలా ఉంచి, ఫోను పటం మీద ఆధారపడే పరికరాలన్నిటికీ ఒక హద్దు ఉంది. ఉపగ్రహాల సాయంతో ఫోను మన స్థానాన్ని ఆరుబయట అయిదు మీటర్ల తేడాతో చెప్పగలదు. నగరంలో ఏ వీధిలో ఉన్నామో తెలియడానికి అది చాలు. ఉప్పు మడి గట్టు వెడల్పు మీటరు కూడ ఉండదు. అయిదు మీటర్ల తేడా అంటే నడుములోతు ఉప్పునీరు.

ఇక కెమెరా కళ్ళజోళ్ళు. బెంగుళూరులో ఎస్.హెచ్.జి. టెక్నాలజీస్ సంస్థ తయారుచేసే స్మార్ట్ విజన్ గ్లాసెస్ వంటివి ఎదుట ఉన్న వస్తువులను చెప్పడం, అచ్చు అక్షరాలను చదివి వినిపించడం, తెలిసిన ముఖాలను గుర్తించడం వంటి పనులు చేస్తాయి. మందు బిళ్ళల అట్టమీది పేరు, కరెంటు బిల్లు, వచ్చినది ఎవరో తెలుసుకోవడం, వీటికి అవి నిజంగా ఉపకరిస్తాయి. ఉద్యోగులకు, విద్యార్థులకు ఖర్చుకు తగిన ఫలితం ఉంటుంది. ఒంటరి నడకకు వాటినే నమ్ముకోమని మాత్రం నేను చెప్పను. ఎండ ఎదురుగా కొట్టినప్పుడు, వానలో, చీకటిలో కెమెరా కూడ మనలాగే తడబడుతుంది.

మరొక సంగతి అమ్మకందారులు చెప్పరు. సముద్రతీరంలో గాలే ఉప్పు. ఛార్జింగు పెట్టే చోట లోహపు కొసలు తుప్పుపడతాయి. రోజూ పొడిగుడ్డతో తుడవాలి, చెమట చేతితో తీగ గుచ్చరాదు. బాగుచేసేవారు దగ్గర లేని పరికరం ఆరునెలల తర్వాత బీరువాలో ఉంటుంది. విదేశంలో కొని పంపే పిల్లలు ముందు ఈ ప్రశ్న వేసుకోవాలి. కేంద్రప్రభుత్వపు అడిప్ పథకం కింద, కాన్పూరులోని ఎలిమ్కో సంస్థ ద్వారా, అర్హులైనవారికి కర్రలు, ఇతర సహాయక సాధనాలు ఇచ్చే శిబిరాలు జరుగుతుంటాయి. వైకల్య ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం సిద్ధంగా ఉంచుకోండి. కర్ర ఇచ్చినప్పుడు, నడక నేర్పేది ఎవరని కూడ అడగండి.

అతనికి ఇప్పుడు పిడికి ధ్వనిపరికరం అమర్చిన తెల్లకర్ర ఉంది. తొలి నెల కర్ర ఒక్కటే ఇచ్చాము, పరికరం ఆ తర్వాతే. సందుల్లో అది అదేపనిగా కంపిస్తే దానిని ఆపివేసి కర్రతో నడుస్తాడు. టిప్పర్లు ఆగి ఉండే పెద్దరోడ్డు మీద ఆన్ చేస్తాడు. ఎప్పుడు ఆపాలో నేను చెప్పలేదు, శిక్షకురాలు చెప్పలేదు. నౌపడకు తాళ్ళు తీసుకొని ఆటో ఎక్కి తానే వెళ్ళి వస్తున్నాడు. రెండుసార్లు దారి తప్పాడు, ఒకసారి మోకాలు గీరుకొన్నాడు. మనవరాలు ఈ ఏడాది బడి మానలేదు. చేతిపట్టీ నా బల్ల సొరుగులో ఉంది. దానిని ఎవరికీ ఇవ్వను, పారవేయను.

పోర్టు కారణంగా మూలపేట, విష్ణుచక్రం గ్రామాలవారికి నౌపడ దగ్గర పునరావాస కాలనీ అన్నారు. ఊరు కదిలితే అతని పటం మూడవసారి చెరిగిపోతుంది. ఈసారి అందుకు ముందుగానే సిద్ధపడదామని, కిందటి ఆదివారం ముగ్గురం ఆ స్థలం వైపు వెళ్ళాము. అన్నీ తిన్నని వీధులు, ఒకే కొలత స్థలాలు. చూపున్న నాకే ఒక మూలకూ మరొక మూలకూ తేడా తెలియలేదు. చెట్టు లేదు. అతడు కర్ర నిలబెట్టి చాలాసేపు మాట్లాడకుండా ఉన్నాడు.

"ఇక్కడ గాలి ఏ పక్కనుంచి ఒస్తాది బాబూ?"

నాకు తెలియదు. మధ్యాహ్నపు ఎండలో ఇద్దరం గాలి కోసం నిలబడ్డాము. ఆ పిల్ల అప్పటికే నోటుపుస్తకం తెరిచి గీతలు గీస్తూ ఉంది. కొంతసేపటికి తల ఎత్తి చెప్పింది: "తాతా, ఈ కరెంటు స్తంభంకాడి నుంచి మలుపుదాక నీ అడుగులు నలభై రెండు. మల్లీ ఒకపాలి నడు, సరి సూద్దాం."